క్లాసంతా ఎండే

"ఎండ నొక్కు. ఎండ నొక్కి బయటికి పద, అంతే."

కంప్యూటర్ గదిలో సుడిగాలి కుర్చీల మధ్య తిరుగుతూ గుసగుసగా చెబుతోంది. గుసగుస అంటే ఆమె లెక్కలో గుసగుస. వరండా అవతలున్న అయిదో తరగతి వాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

ఆ అమ్మాయికి అసలు పేరొకటి ఉంది కానీ హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తుకు రాదు. నడవాల్సిన చోట పరుగెత్తుతుంది, పరుగెత్తాల్సిన చోట ఎగురుతుంది. తినేది నమలదు, మింగేస్తుంది. "ఆలస్యం అమృతం విషం" అని ఎవరో అనగా ఒకసారి విన్నది. ఆ సామెత తన కోసమే పుట్టిందని ఆమె గట్టి నమ్మకం.

ఆ బడిలో బుధవారం మధ్యాహ్నం పెద్ద తరగతుల పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చేవారు. "ఈ వారం నీ మనసు ఎలా ఉంది?" అని తెర మీద ఒక ప్రశ్న ఉండేది. కింద మూడు బొమ్మలు: ఎండ, మబ్బు, వాన. ఎండ నొక్కితే "చాలా సంతోషం" అని చిన్న గంట మోగి పని అయిపోతుంది. మబ్బు నొక్కితే మరికొన్ని ప్రశ్నలు వస్తాయి. వాన నొక్కితే ఇంకా ఎక్కువ వస్తాయి. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా అని అడుగుతుంది. ఆఖర్న ఒక ఖాళీ పెట్టె. "చెప్పాలనిపిస్తే ఇక్కడ రాయి" అని ఉంటుంది. రాసింది కౌన్సెలర్ మేడమ్ ఒక్కరే చదువుతారు. చదివి, ఆ సాయంత్రమే పిలిచి మాట్లాడతారు.

ఏర్పాటు మంచిదే. కాకపోతే కంప్యూటర్ సార్ దానికొక ముడి వేశారు. తర్వాతి పీరియడ్ ఆటలు. అందరూ పూర్తి చేస్తే తప్ప ఒక్కరినీ గ్రౌండ్‌కి వదలనని చెప్పేశారు. అలాగైతే పిల్లలు పూర్తి చేస్తారని ఆయన ఆలోచన. నిజంగానే పూర్తి చేశారు. ఎలా పూర్తి చేశారన్నది మాత్రం సుడిగాలి కనిపెట్టిన ఉపాయం.

"ప్రశ్న చదవొద్దు. ఎడమ పక్క బొమ్మ. ఒక్క నొక్కు. ఫుట్‌బాల్."

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు క్లాసంతా అదే పని చేసింది. గంటలు టింగుటింగుమని మోగాయి. కళ్ళు మూసి తెరిచేలోగా పిల్లలు బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నారు. ఒక్క ట్యాబ్ మాత్రం మోగలేదు.

అది సుడిగాలి పక్క సీటు అమ్మాయిది. ఆమెను అందరూ నిదానం అంటారు. పెన్ను మూత పెట్టడానికి కూడా కాస్త ఆలోచించే మనిషి. ఇద్దరూ ఒకే బెంచీ మీద ఎలా కూర్చుంటారో టీచర్లకు కూడా అర్థం కాదు. కానీ వాళ్ళకి పడుతుంది. సుడిగాలి మాట్లాడుతుంది, నిదానం వింటుంది.

ఇవాళ నిదానం తెర మీద వాన ఉంది. ప్రశ్నలన్నీ దాటి ఆఖరి పెట్టె దాకా వచ్చింది. పెట్టెలో "నేను" అని ఒక్క మాట ఉంది. దాని పక్కన గీత ఆరుతూ వెలుగుతోంది. నిదానం వేలు గాల్లో ఆగిపోయి ఉంది.

"ఏంటే ఇది? ఇంకా ఇక్కడే ఉన్నావా?" అంది సుడిగాలి.

"రాస్తున్నా."

"ఏం రాస్తావు? బయట వాళ్ళు టీములు కూడా పంచేసుకుంటారు."

"కాస్త ఆగవే."

తలుపు దగ్గర నుంచి గోల్‌కీపర్ అరిచాడు. పొడుగ్గా ఉంటాడు కాబట్టి వాడికా పేరు, అంతేగానీ బంతి పట్టిన దాఖలా పెద్దగా లేదు. "ఎవరింకా? నిదానమేనా? సుడీ, ఏదో ఒకటి చెయ్యి!"

సుడిగాలి ఏదో ఒకటి చేసింది. ట్యాబ్ లాక్కుంది. వెనక్కి, వెనక్కి, వెనక్కి నొక్కింది. ఎండ నొక్కింది. గంట మోగింది. అందరిదీ పూర్తయిందని గోడ మీద పెద్ద తెర పసుపు రంగులోకి మారింది. క్లాసు క్లాసంతా గుమ్మం మీద పడింది.

"అయిపోయింది. పద," అంది సుడిగాలి, ఏదో సాయం చేసినట్టు.

నిదానం ఖాళీ చేతుల్లోకి కాసేపు చూసుకుని లేచింది. ఆ రోజు ఆటలో సుడిగాలి మంచి గోల్ కొట్టింది, ఆ సంతోషంలో మిగతాదంతా మరిచిపోయింది.

తర్వాతి బుధవారం వింత జరిగింది. ట్యాబులు ఇచ్చీ ఇవ్వగానే మొదటి గంట మోగింది. అందరూ తిరిగి చూశారు. మోగింది నిదానం ట్యాబ్.

"నిదానం ఫస్ట్!" అని గోల్‌కీపర్ చప్పట్లు కొట్టాడు. క్లాసంతా కొట్టింది. సుడిగాలి అందరికంటే గట్టిగా కొట్టింది. శిష్యురాలు దారికొచ్చింది కదా మరి. నిదానం మాత్రం నవ్వలేదు. ట్యాబ్‌ని బోర్లా పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నోటీసు బోర్డులో వాళ్ళ తరగతి పేరు కింద పెద్ద పసుపు నక్షత్రం అంటించారు కంప్యూటర్ సార్. కింద "అందరికీ ఎండ" అని అందంగా రాశారు. హెడ్‌మాస్టర్ గారు చూసి మెచ్చుకున్నారు. కౌన్సెలర్ మేడమ్ మాత్రం ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడి, తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ వారంలో నిదానం భోజనం డబ్బా తెరిచి మళ్ళీ మూసేయడం సుడిగాలి కళ్ళబడింది. "తినవా?" అంది. "ఆకలి లేదు" అంది నిదానం. "అయితే గుడ్డు నాకిచ్చెయ్" అంది సుడిగాలి. ఇచ్చేసింది. అక్కడితో ఆ మాట అయిపోయింది.

సుడిగాలి వాళ్ళమ్మ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. బడి అయ్యాక సుడిగాలి నేరుగా అక్కడికే వెళ్తుంది. మనిషి పట్టేంత పెద్ద మెషీన్లు గిర్రున తిరుగుతుంటాయి. వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పట్లు నున్నగా బయటికొస్తుంటాయి. మడత పెట్టిన గుట్టల మధ్య ఒక మూల కూర్చుని సుడిగాలి హోంవర్క్ చేసుకుంటుంది. ఆ మూల వెచ్చగా, సబ్బు వాసనతో ఉంటుంది.

మంగళవారం సాయంత్రం వాళ్ళమ్మ చిన్న చిన్న దుప్పట్లు ఒక సంచిలో పెట్టి ఇచ్చింది.

"ఇవి పసిపిల్లల వార్డువి. తలుపు దగ్గర నర్సు ఉంటుంది, ఆమె చేతికిచ్చి రా. పరుగెత్తకు తల్లీ, అది ఆస్పత్రి."

సుడిగాలి మలుపు తిరిగేదాకా నడిచింది, తర్వాత పరుగెత్తింది. నర్సుకి సంచి ఇచ్చి తిరగబోతూ ఆగిపోయింది. గాజు తలుపు పక్క బెంచీ మీద బడి సంచి ఒళ్ళో పెట్టుకుని నిదానం కూర్చుని ఉంది. చేతిలో ఒక ఊలు టోపీ ఉంది. నారింజ పండుకి తొడిగితే సరిపోయేంత టోపీ.

"నువ్వేంటే ఇక్కడ?"

"మా చెల్లి లోపలుంది."

"నీకు చెల్లెప్పుడు పుట్టింది?"

"పుట్టడానికి ఇంకా చాలా టైముందన్నారు. ముందే పుట్టేసింది." నిదానం టోపీని వేళ్ళ మీద తిప్పింది. "గాజు పెట్టెలో ఉంచారు. అమ్మా నాన్నా లోపలున్నారు. నన్ను వెళ్ళనివ్వరు."

సుడిగాలి ఆమె పక్కన కూలబడింది. "నాకు చెప్పలేదేం?"

"చెబుదామనుకున్నా. నువ్వు 'తొందరగా చెప్పు' అంటావు కదా. ఇది తొందరగా చెప్పడం రాలేదు."

కాసేపు ఇద్దరూ ఊరుకున్నారు. ఆ కాసేపు ఊరుకోవడమే సుడిగాలికి పెద్ద పని. అందుకేనేమో, నిదానం మళ్ళీ తనే మొదలుపెట్టింది.

"నా వల్లే ముందు పుట్టింది."

"నీ వల్లేంటి?"

"ముందు రోజు నా గదిలో ఉయ్యాల పెట్టారు. నాకు చెల్లీ వద్దు, తమ్ముడూ వద్దు, నా గది నాకే కావాలని అరిచా. గట్టిగా అరిచా. అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుండిపోయింది. తెల్లారేసరికి ఆస్పత్రికి తీసుకెళ్ళారు." నిదానం టోపీని గుప్పిట్లో మూసేసింది. "దానికి వినిపించే ఉంటుంది."

"ఛ, అలా ఏమీ ఉండదే."

"నీకెలా తెలుసు?"

సుడిగాలికి తెలియదు. నిజం చెప్పాలంటే, తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమెకి బాగా అలవాటు. ఇప్పుడు మాత్రం ఆ అలవాటు పనికిరాలేదు.

"మీ అమ్మనడుగు."

"అమ్మ ఇప్పటికే ఏడుస్తోంది. నేనెలా అడగను?" అంది నిదానం. "మేడమ్‌కైతే తెలుస్తుందని ట్యాబ్‌లో రాయడం మొదలుపెట్టా. వాన నొక్కా. తర్వాత..."

ఆగిపోయింది. తర్వాత ఏమైందో ఇద్దరికీ తెలుసు.

"మరి పోయిన వారం?" అంది సుడిగాలి చిన్నగా.

"పోయిన వారం నేనే ఎండ నొక్కేశా. ఎలాగూ చెరిపేస్తారు కదా అని."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే సుడిగాలి తిరిగి ఏదో ఒకటి అని బయటపడేది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది.

లాండ్రీకి తిరిగొచ్చేసరికి వాళ్ళమ్మ దుప్పటి మడత ఆపి చూసింది.

"ఏమైంది? ఎన్నడూ లేంది నడిచొచ్చావు?"

సుడిగాలి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

"అమ్మా, ఒకరు రాసుకుంటుంటే మనం చెరిపేస్తే అది తప్పా?"

"అడిగి చెరిపావా?"

"లేదు."

"మరి తెలిసే అడుగుతున్నావుగా నన్ను."

సుడిగాలి గుట్ట మీద దుప్పటి పెట్టి దాన్ని అనవసరంగా సర్దింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"ఎవరిది చెరిపావో వాళ్ళకి చెప్పు. ఎవరికి అందాల్సిందో వాళ్ళకీ చెప్పు." వాళ్ళమ్మ ఇంకో దుప్పటి అందుకుంది. "ఇది పట్టుకో. కొసలు కలపాలి, లాగెయ్యకు."

మర్నాడు బుధవారం. ఆ రోజే పక్క సెక్షన్‌తో ఫుట్‌బాల్ ఫైనల్ కూడా. సుడిగాలి ముందురోజే బూట్లు తుడిచి పెట్టుకుంది. అయినా పొద్దున్నే గ్రౌండ్ వైపు కాకుండా కౌన్సెలర్ మేడమ్ గది వైపు వెళ్ళింది. కంప్యూటర్ సార్ కూడా అక్కడే కూర్చుని ఏదో కాగితం చూపిస్తున్నారు. ఆయన్ని చూడగానే సుడిగాలి వెనక్కి పోదామనుకుంది. కానీ కాళ్ళు అప్పటికే లోపలికి వచ్చేశాయి. వేగంగా నడిచేవాళ్ళకి అదొక ఇబ్బంది.

"మేడమ్ మా క్లాసులో అందరికీ ఎండ కాదు ఆటకి తొందరగా వెళ్ళాలని నొక్కుతున్నాం ఆ ఉపాయం నాదే ఒకళ్ళది నేనే లాక్కుని చెరిపేశా," అంది ఒక్క ఊపిరిలో.

సార్ చేతిలో కాగితం కిందికి వాలింది.

మేడమ్ కోప్పడలేదు. "కూర్చో," అన్నారు. "మీ క్లాసుని చూస్తే నాకు వారంవారం దిగులు పెరుగుతోంది. అంతమంది పిల్లల్లో ఒక్కరికీ మబ్బు పట్టదా? మా ఇంట్లో ఉండేది నలుగురం. ఎవరో ఒకరికి మబ్బు పట్టని రోజు లేదు."

సార్ గొంతు సవరించుకున్నారు. "ఆట ఆశ పెట్టకపోతే వీళ్ళు ముట్టుకోరు మేడమ్."

"ఆశ పెట్టాం, ముట్టుకున్నారు. చూస్తున్నారుగా సార్."

సార్ తల ఊపారు. ఆయన చెడ్డవారేమీ కాదు, తనకి తోచింది చేశారు. "సరే, ఆ ముడి తీసేద్దాం. అయినవాళ్ళు వెళ్తారు. కానివాళ్ళు ఉంటారు," అన్నారు.

"ఎవరిది చెరిపావమ్మా?" అని మేడమ్ అడిగారు.

"నా పక్క అమ్మాయిది." సుడిగాలి నోట్లో నువ్వుగింజ నానదని బడంతా చెప్పుకుంటుంది. మిగతా కథ నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. "ఏం రాయబోయిందో నాకు తెలుసు మేడమ్. కానీ అది తన మాట. మీతో చెప్పాలనే ఉంది తనకి."

"అయితే మధ్యాహ్నం నేనూ అక్కడే ఉంటానని చెప్పు," అన్నారు మేడమ్. "తను రాసినా సరే, రాయకపోయినా సరే, నా తలుపు తీసే ఉంటుందను."

మధ్యాహ్నం ట్యాబులు పంచాక సార్ కొత్త సంగతి చెప్పారు. ఇక ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు. క్లాసు కాస్త అయోమయంగా చూసింది. కొన్ని గంటలు వెంటనే మోగాయి. కొన్ని మోగలేదు. గోల్‌కీపర్ కూడా, ఏమనుకున్నాడో, ఒక క్షణం ప్రశ్న చదివి తల గోక్కున్నాడు.

సుడిగాలి పక్కకి తిరిగింది. "ఆ రోజు నీ వాన నేను చెరిపేశా. తప్పయింది."

"తెలుసు. పక్కనే ఉన్నాగా," అంది నిదానం.

"మళ్ళీ రాస్తావా?"

నిదానం తెర వైపు చూసింది. "టైము పడుతుంది."

"పట్టనీ."

నిదానం వెంటనే నొక్కలేదు. సుడిగాలి తన ట్యాబ్ తీసుకుంది. అలవాటు కొద్దీ వేలు ఎడమ పక్కకి పోయింది. ఆపింది. మొదటిసారి ప్రశ్న మొత్తం చదివింది. మబ్బు నొక్కింది. వచ్చినవాటికి జవాబులిచ్చి, ఆఖరి పెట్టెలో ఇలా రాసింది: "ఇవాళ ఫైనల్. కాళ్ళు లాగుతున్నాయి. అయినా వెళ్ళను."

తలుపు దగ్గర నుంచి గోల్‌కీపర్ పిలిచాడు. "సుడీ, రావే! నువ్వు లేకపోతే గోల్ ఎవరు కొడతారు?"

"మీరే కొట్టండి."

"నిజంగా రావా?"

"రాను."

వాడు ఆమెకి జ్వరమొచ్చిందేమో అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు. సుడిగాలి కుర్చీని అటు తిప్పి, నిదానానికి వీపు పెట్టి కూర్చుంది. అలా కూర్చుంటే వెనక నుంచి ఎవరూ వచ్చి చూడలేరు, తనకి కూడా కనిపించదు.

గ్రౌండ్‌లో విజిల్ ఊదారు. సుడిగాలి మోకాళ్ళు వాటంతటవే కదిలాయి. చేతులతో అదిమి పట్టుకుంది. వెనక ఒక అక్షరం పడిన చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. తర్వాత వరసగా చాలా పడ్డాయి. బయట ఎవరో గోల్ కొట్టారు. ఆ కేకలు తమవో పక్క సెక్షన్‌వో కూడా సుడిగాలి చెవికి తెలిసిపోతుంది. తమవి కావు.

ఆఖరికి గంట మోగింది.

మేడమ్ తన తెరలో చదువుకుని, తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. "రా తల్లీ," అన్నారు. నిదానం లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది.

"ఇంకా ఆట అయిపోలేదు. నువ్వు వెళ్ళు."

"నీ సంచి ఎవరు చూస్తారు?" అంది సుడిగాలి.

సంచులు రెండూ పట్టుకుని మేడమ్ గది బయట వరండాలో నేల మీద కూర్చుంది. లోపలి మాటలు వినబడలేదు. ఏడుపు మాత్రం కాసేపు వినబడింది. తర్వాత మేడమ్ ఫోన్‌లో ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడారు. ఫోన్ అవతల నిదానం వాళ్ళమ్మే ఉండాలి. ఎందుకంటే "అమ్మా" అని నిదానం గొంతు ఒక్కసారి గట్టిగా వినబడింది.

ఆటగాళ్ళు దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చారు. గోల్‌కీపర్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఓడిపోయాం. నీ వల్లే," అన్నాడు.

"ఊఁ," అంది సుడిగాలి. నిజంగానే బాధేసింది. కప్పు ఎలా ఉంటుందో కూడా ఆమె ముందే చూసి పెట్టుకుంది. కానీ లేవలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నిదానం కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముక్కు ఎర్రగా ఉంది. వచ్చి సుడిగాలి పక్కన కూర్చుంది.

"మేడమ్ ఏమంది?" అని అడగబోయి సుడిగాలి ఆగింది.

నిదానం కాసేపు గోడ వైపు చూసింది. "మాటలకి పిల్లలు ముందు పుట్టరట," అంది చివరికి. "అమ్మ కూడా అదే చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. తర్వాత చెప్తా నీకు."

"సరే."

"ఆకలేస్తోంది."

సుడిగాలి, నిదానం సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి ఇచ్చింది. గుడ్డు అలాగే ఉంది. బడి వదిలిన గంట మోగింది. పిల్లలంతా వాళ్ళని దాటుకుంటూ గేటు వైపు పరుగెత్తారు. నిదానం ఒక్కో ముద్దా నమిలి నమిలి తింటోంది. సుడిగాలి డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని, ఆమె తినడం అయ్యేదాకా అక్కడే కూర్చుంది.